రిజిస్ట్రీ ఊడ్చే చీపుళ్ళు.. వెనక్కి తెచ్చుకునే దారులు

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అంటే మన చుట్టాల లెక్కలో కంప్యూటరు మెకానిక్కే. జావా రాస్తానన్నా, డేటాబేసులు చూస్తానన్నా ఎవరూ వినరు. ఇన్నేళ్ళలో నాకొచ్చిన ఫోన్లలో చాలావాటి సారాంశం ఒకటే: "సిస్టమ్ స్లో అయిందని ఏదో క్లీనర్ వేశాం. ఏడొందల ఎర్రర్లు ఫిక్స్ చేశానంది. ఇప్పుడేదీ ఓపెన్ అవ్వట్లేదు, ఫార్మాట్ కొట్టించెయ్యమంటావా?"

వద్దండీ బాబూ. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. ఎందుకో తెలియాలంటే ఈ క్లీనర్లు ఊడ్చేది దేన్నో, దాన్ని కాపాడే ఏర్పాట్లు ఎలా వచ్చి ఎలా పోయాయో కొంచెం చరిత్ర చెప్పుకోవాలి.

1992లో వచ్చిన విండోస్ 3.1లో సెట్టింగులన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉండేవి. విన్.ఐఎన్ఐ, సిస్టమ్.ఐఎన్ఐ, ఇవి కాక ప్రతి ప్రోగ్రామూ తనకంటూ ఒకటి పడేసేది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చుకోవచ్చు, ఫ్లాపీలోకి కాపీ చేసుకుంటే అదే బ్యాకప్పు. చిక్కల్లా ఏమిటంటే ఆ ఫైళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో ఎవరికీ తెలిసేది కాదు, పైగా 64 కిలోబైట్లు దాటితే పని చేసేవి కావు. ఏ ఫైలు ఏ ప్రోగ్రాముతో తెరుచుకోవాలో రాసుకునే చిన్న రిజిస్ట్రీ అప్పటికే ఉంది. దాన్నే పెంచి పెద్దచేసి 1993లో విండోస్ ఎన్‌టీలోను, 1995లో విండోస్ 95లోను అన్ని సెట్టింగులూ అందులోకి చేర్చారు. ఊళ్ళో అందరి దస్తావేజులూ తెచ్చి ఒకే బీరువాలో పెట్టినట్టన్నమాట. వెతుక్కోవడం తేలిక, బీరువాకి చెదపడితే మాత్రం అందరికీ ఏడుపే.

విండోస్ 95 సరిగ్గా స్టార్ట్ అయిన ప్రతిసారీ ఆ రిజిస్ట్రీకి ఒక నకలు తీసిపెట్టేది. ఒక్కటే నకలు. తప్పు ఉండి కూడా స్టార్ట్ అయిందనుకోండి, ఆ తప్పు నకల్లోకీ ఎక్కేది. విండోస్ 98లో దీన్ని చక్కగా సరిచేశారు. స్కాన్‌రెగ్ అనే ప్రోగ్రాము రోజుకొక నకలు తీసి చివరి ఐదూ దాచేది. విండోస్ రాకపోయినా డాస్‌లోకి వెళ్ళి రిస్టోర్ అంటే తేదీలతో సహా జాబితా చూపించేది. మామూలు జనం కోసం మైక్రోసాఫ్ట్ చేసిన మంచి పనుల్లో ఇదొకటని నా అభిప్రాయం. తర్వాత 2000లో విండోస్ ఎంఈ, 2001లో ఎక్స్‌పీతో సిస్టమ్ రిస్టోర్ వచ్చింది.

ఇక క్లీనర్లు. ప్రోగ్రాము తీసేసినా దాని తాలూకు రాతలు రిజిస్ట్రీలో మిగిలిపోతాయి, అది నిజమే. వాటిని తుడవడానికి తొంభైల్లో మైక్రోసాఫ్టే రెగ్‌క్లీన్ అనే పరికరం ఇచ్చి, తర్వాత దాన్ని వెనక్కి తీసుకుంది. ఇప్పుడైతే ఇలాంటి వాటిని మేం సమర్థించమని రాతపూర్వకంగానే చెబుతోంది. కారణం వీటి తర్కంలోనే ఉంది. రిజిస్ట్రీలో రాసిన చోట ఫైలు కనిపించకపోతే అది చెత్త అనుకోవడమే వీటి ప్రధాన సూత్రం. డీటీపీ షాపులో తెలుగు ఫాంట్లు వేరే డ్రైవులో ఉన్నాయనుకోండి. క్లీనర్ నడిచిన రోజున ఆ డ్రైవు తగిలించి లేకపోతే? ఫాంట్ల జాబితాలోంచి వాటి పేర్లు ఎగిరిపోతాయి. ఫైళ్ళు భద్రంగానే ఉంటాయి, పేజ్‌మేకర్‌లో మాత్రం కనపడవు!

పోనీ స్పీడు పెరుగుతుందా అంటే అదీ లేదు. విండోస్ రిజిస్ట్రీని మొదటినుంచి చివరిదాకా చదవదు, కావలసిన చోటికి నేరుగా వెళ్తుంది. లక్షల రాతల్లో ఏడొందలు తీసేస్తే ఒరిగేదేమీ లేదు.

సరే, జరగాల్సింది జరిగిపోయింది. ఇప్పుడు ఏం చెయ్యాలి? ముందుగా ఇంకో క్లీనర్‌తో బాగుచేసే ప్రయత్నం చెయ్యకండి. మొదటి క్లీనర్ తుడిచే ముందు బ్యాకప్ తీసిందేమో చూడండి, సాధారణంగా డాట్ రెగ్ అని ముగిసే ఫైలు ఉంటుంది. దాన్ని మెర్జ్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు కథ అక్కడితో సుఖాంతం. ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ ఫైలు పోయినవాటిని తిరిగి చేరుస్తుందే గానీ కొత్తగా చేరినవాటిని తియ్యదు. అందుకని క్లీనర్ తీసిన చిన్న బ్యాకప్పుకి ఇది సరిపోతుంది. ఆర్నెల్ల కిందటి మొత్తం రిజిస్ట్రీని ఇలాగే మెర్జ్ చేస్తే పాతా కొత్తా కలిసి కిచిడీ అవుతుంది.

అది లేకపోతే సిస్టమ్ రిస్టోర్. మీ డాక్యుమెంట్లనీ ఫోటోలనీ ముట్టుకోదు, ఆ తేదీ తర్వాత వేసిన ప్రోగ్రాములూ డ్రైవర్లూ మాత్రం పోతాయి. విండోస్ అసలు లేవకపోతే విండోస్ 10, 11ల్లో రెండు మూడుసార్లు విఫలమయ్యాక రికవరీ తెర అదే వస్తుంది, రిస్టోర్ అందులోనూ ఉంటుంది.

నన్ను కలవరపెట్టేది దీని తర్వాతి మెట్టు. రెగ్‌బ్యాక్ అనే ఫోల్డరులో విండోస్ తనంతట తానే రిజిస్ట్రీ నకళ్ళు పెట్టుకునేది. అవి తెచ్చి అసలు చోట వెయ్యమని ఎన్నో పాత చిట్కాలు చెబుతాయి. 2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1803 నుంచి ఆ ఏర్పాటు ఆపేశారు. ఫైళ్ళ పేర్లు కనిపించినా సైజు సున్నా! డిస్కులో చోటు ఆదా కోసం కావాలనే చేశామన్నారు. ఒక సినిమా దించుకుంటే పోయేంత చోటు కూడా కాదది. పాత చిట్కా నమ్మి సైజు చూడకుండా కాపీ చేస్తే, అరకొరగా మిగిలిన రిజిస్ట్రీ మీద ఖాళీ ఫైలు పడుతుంది. అప్పుడు నిజంగానే ఫార్మాట్ తప్పదు.

1998లో ఏమీ తెలియని వాడికి కూడా ఐదు రోజుల నకళ్ళు ఉండేవి. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి సున్నా బైట్లు మిగిలాయి. డిస్కులు వెయ్యింతలు పెరిగిన కాలంలో ఇదేం పొదుపో నాకర్థం కాదు. పైగా ఇప్పుడు చాలా కంప్యూటర్లలో సిస్టమ్ రిస్టోర్ కూడా మొదట్నుంచీ ఆఫ్‌లోనే ఉంటోంది. స్టార్ట్ మెనూలో 'క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్' అని వెతికి, మీ సీ డ్రైవుకి ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో ఇవాళే చూసుకోండి. మీ అమ్మానాన్నల కంప్యూటర్లో కూడా.