విమానంలో పుట్టిన పరీక్ష

ఈసారి నా పనిలోంచి ఒక చరిత్ర చెబుతాను. మనలో చాలామంది ఇళ్లలో సాఫ్ట్‌వేర్ మాటలు వింటూ పెరిగినవాళ్లమే కాబట్టి తేలిగ్గానే అందుతుంది.

లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాల చోటు కాదు. ఒకరు రాసిపెడితే ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్. అందులో ఒక్క వరస మార్చినా ఎవరి ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోతుందో చెప్పలేం. అందుకే కోడ్‌ని పరీక్షించే కోడ్ కూడా రాస్తారు.

1987లో లారీ వాల్ పెర్ల్ భాష మొదటి వెర్షన్‌తో పాటే పరీక్షలు కూడా ఇచ్చాడు. పరీక్ష నెగ్గితే "ఓకే 1", "ఓకే 2" అని వస్తుంది. ఓడితే ముందు "నాట్" చేరుతుంది. మనిషి కూర్చుని చదవక్కర్లేదు, ఇంకో ప్రోగ్రామే లెక్కపెడుతుంది.

తర్వాత కెంట్ బెక్ స్మాల్‌టాక్ భాషకు ఎస్‌యూనిట్ రాశాడు. 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో ఎరిక్ గామాతో కలిసి ఆ పద్ధతిని జావాలోకి తెచ్చాడు. అదే జేయూనిట్. అన్నీ నెగ్గితే పచ్చ పట్టీ, ఒక్కటి ఓడినా ఎర్ర పట్టీ. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ప్రతి పరీక్షకూ అన్నీ కొత్తగా సిద్ధం చేస్తారు. ఒకదాని ఎంగిలి ఇంకొకదానికి అంటదు.

అయినా కొన్ని పరీక్షలు గాలివాటంగా ఉంటాయి. కోడ్ మారకపోయినా పొద్దున నెగ్గి సాయంత్రం ఓడిపోతాయి. గడియారం మీదో, నెట్‌వర్క్ మీదో, ఏది ముందు నడిచిందన్న దాని మీదో ఆధారపడితే ఇలాగే అవుతుంది. తమ పరీక్షల్లో దాదాపు 16 శాతానికి ఈ జబ్బు ఎంతో కొంత ఉందని 2016లో గూగుల్ చెప్పింది. "మళ్లీ నడిపితే పోతుందిలే" అనే అలవాటు పడితే నిజమైన తప్పు కూడా దాటిపోతుంది. "నాన్నా పులి" కథ మనకు తెలిసిందే కదా.

ఇందులో మన భాషకూ ఒక పాఠం ఉంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరానికి కంటికి కనిపించని ఒక గుర్తు కలిసిన మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి. ఆపిల్ 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది. ఇలాంటి తప్పు దొరికినప్పుడు దాన్నే ఒక పరీక్షగా రాసి ఉంచడం మా పనిలో పద్ధతి. అది మళ్లీ రాకుండా కాపలా కాస్తుంది.

తెలుగు తెర మీద నిలబడాలంటే మన వత్తులు ఎవరో ఒకరి పరీక్షల్లో ఉండాలి. అందుకే పేర్లతో పనిచేసే కోడ్ రాసినప్పుడల్లా నేను "స్మిత్" పక్కన "జ్ఞానేశ్వరి" కూడా పెడతాను.