టెలివైద్య యాప్‌లు: దీర్ఘకాలిక వ్యాధుల చికిత్సలో వైద్యుల వాడకం

బీపీ, షుగర్, గుండెజబ్బు, ఆస్తమా, కిడ్నీ వ్యాధి వంటి దీర్ఘకాలిక జబ్బులున్న రోగిని వైద్యుడు దూరం నుంచే చూసి, రీడింగులు గమనించి, మందులు మార్చడానికి లేదా కొనసాగించడానికి వాడే ఫోను, కంప్యూటరు సాధనాలను టెలివైద్య యాప్‌లు అంటారు. భారతదేశంలో వీటి వాడకం ప్రధానంగా 2020 తర్వాత పెరిగింది. ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. ఇంతమందిని నెలనెలా వైద్యుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడటం అయ్యే పని కాదు.

కడుపునొప్పితో వచ్చిన మనిషిని చేత్తో నొక్కి చూడాలి. జబ్బు నిలకడగా ఉన్న షుగర్ రోగి విషయంలో నిర్ణయం చాలావరకు అంకెల మీద నడుస్తుంది: పరగడుపు షుగర్, తిన్న తర్వాతి షుగర్, మూడు నెలల షుగర్, బీపీ, బరువు, క్రియాటినిన్. ఈ అంకెలను ఫోనులో పంపవచ్చు. పాదంలో తిమ్మిరి, వేళ్ల సందున మొదలైన పుండు, కంటి వెనక రెటీనాలో వచ్చే మార్పు మాత్రం ఫోనులో సరిగా తెలియవు. అందుకే టెలివైద్యాన్ని నమ్మే వైద్యులు సైతం మధ్యమధ్య రోగిని ఆసుపత్రికి రమ్మంటారు.

నేపథ్యం

తెలుగు నేలకు ఈ చరిత్రలో తొలి నుంచీ చోటుంది. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ నెలకొల్పిన గ్రామీణ టెలివైద్య కేంద్రాన్ని 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. ఆ రోజుల్లో టెలివైద్యానికి ఉపగ్రహ సంబంధం, ప్రత్యేకమైన గది, ముందే కుదుర్చుకున్న సమయం కావాల్సి వచ్చేవి. ప్రతి వైద్యుడి జేబులోకీ స్మార్ట్‌ఫోన్ వచ్చాక సాంకేతిక అడ్డంకి తొలగింది. చట్టపరమైన భయం మాత్రం మిగిలింది. ఫోనులో చెప్పిన వైద్యంతో ముడిపడిన ఒక మరణం కేసులో 2018లో బాంబే హైకోర్టు ఇద్దరు వైద్యులకు ముందస్తు బెయిలు నిరాకరించడంతో ఆ భయం మరింత పెరిగింది.

2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. దీర్ఘకాలిక రోగులకు ఇందులో అన్నిటికన్నా పనికొచ్చింది మందుల వర్గీకరణ. నేరుగా చూసిన ఆరు నెలల లోపు, అదే జబ్బుకు మళ్లీ సంప్రదిస్తే, పాత మందులను వైద్యుడు తిరిగి రాయవచ్చు. అవసరమైతే ఇంకొకటి చేర్చవచ్చు. ఉదాహరణకు మెట్‌ఫార్మిన్ వాడుతున్న వ్యక్తికి సిటాగ్లిప్టిన్ కలపవచ్చు. మత్తుమందులు, షెడ్యూల్ ఎక్స్ మందులు రాయకూడదు. చీటీ మీద వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఫోనులో వైద్యం చేయవచ్చా అన్న ప్రశ్నకు ఎలా చేయాలో రాతపూర్వకమైన జవాబు దొరకడమే, ఏ యాప్ సొగసు కన్నా ఎక్కువగా, వైద్యులను ఇటు కదిలించింది.

ఈ-సంజీవని

మొహాలీలోని సి-డాక్ సంస్థ తయారుచేసిన ప్రభుత్వ టెలివైద్య వేదిక ఈ-సంజీవనిని ఆరోగ్య కేంద్రాల స్థాయిలో 2019 నవంబరులో మొదట అమలులోకి తెచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. రోగులే నేరుగా వాడుకునే ఓపీడీ విభాగం 2020 ఏప్రిల్‌లో వచ్చింది. 2023 ఫిబ్రవరికి సంప్రదింపులు పది కోట్లు దాటాయి.

ఊరి ఆరోగ్య కేంద్రంలో దీని నడక ఇలా ఉంటుంది. అక్కడి సిబ్బంది బీపీ కొలిచి, వేలికొన నుంచి చుక్క రక్తం తీసి షుగర్ చూసి, అంకెలను ట్యాబ్‌లో ఎక్కించి హబ్‌లో, అంటే దూరంగా ఉన్న సలహా కేంద్రంలో, కూర్చున్న వైద్యుడికి కాల్ కలుపుతారు. ఆయన రెండు ప్రశ్నలడిగి చీటీ పంపిస్తే, మందులు ఉన్నంతవరకు అక్కడే ఇస్తారు. పట్నానికి వెళ్లే బస్సు ఛార్జీ, పోయే కూలీ మిగులుతాయి. అయితే ఆ సమయానికి ఖాళీగా ఉన్న వైద్యుడికి కాల్ వెళ్తే, ఈ నెల చూసినవారే వచ్చే నెలా చూస్తారన్న హామీ ఉండదు. ఏళ్ల తరబడి సాగే జబ్బుకు ఇది చిన్న లోపం కాదు. పది కోట్లన్న లెక్క కాల్స్‌ది. ఎంతమంది బీపీ అదుపులోకి వచ్చిందో అది చెప్పదు.

అధ్యయనాలు

పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ నిర్వహించిన స్మార్ట్‌హెల్త్ ఇండియా పరీక్ష ఈ విషయంలో చదవాల్సిన పాఠం. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌తో ఇంటింటికీ వెళ్లి గుండెజబ్బు ముప్పున్నవారిని గుర్తించారు, వైద్యులకు అదే సాధనంలో సలహా అందింది. పని అనుకున్నట్టే జరిగింది. బీపీ లక్ష్యాన్ని అందుకున్నవారు మాత్రం యాప్ ఉన్న దశలో 41.2 శాతం, లేని దశలో 39.2 శాతం. హర్యానా, కర్ణాటకల్లోని 40 ఆరోగ్య కేంద్రాల్లో జరిగిన ఎంవెల్‌కేర్ పరీక్షలోనూ బీపీ, షుగర్ విషయంలో యాప్ వాడిన, వాడని కేంద్రాల మధ్య తేడా కనిపించలేదు. వీటిని చూసి యాప్‌లు దండగ అనుకోవడం పొరపాటు. చీటీ రాసే వైద్యుడు, మాత్రలిచ్చే కేంద్రం వరుసగా అందుబాటులో లేకపోతే యాప్ ఒక్కటే ఏమీ చేయలేదు.

2017లో తెలంగాణ సహా ఐదు రాష్ట్రాల్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఇంకో దారి పట్టింది. ఎంపిక చేసిన కొద్ది మందులు, నిలకడైన సరఫరా, అందరికీ ఒకే చికిత్సా క్రమం ముందు కుదుర్చుకుని, ఆ తర్వాతే యాప్‌ను ఆసరాగా తీసుకుంది. పలుచోట్ల వాడిన సింపుల్ అనే యాప్‌లో రీడింగు, మందు ఎక్కించే పని ఎక్కువగా నర్సులది. గడువుకు రానివారి జాబితా తయారవుతుంది, వాళ్లకు ఫోను వెళ్తుంది. 2022లో ఈ కార్యక్రమానికి ఐక్యరాజ్యసమితి పురస్కారం దక్కింది.

వైద్యుల మొగ్గు, వెనకడుగు

ఓపీలో వరుస కట్టిన రోగుల ముందు కూర్చున్న వైద్యుడికి టైపింగ్ అదనపు భారం. పాత రోగి వివరాలు మళ్లీ మొదటి నుంచీ అడిగే యాప్‌ను ఎవరూ పదేపదే తెరవరు. గ్లూకోమీటర్ ఫొటో వాట్సాప్‌లో వస్తే వైద్యుడు రెండు ముక్కల్లో జవాబిస్తారు. రోగికి అది ఎంతో మేలు చేస్తుంది, కానీ దానికి ఫీజు ఉండదు, కేస్ షీట్‌లో చేరదు, రేపు వివాదం వస్తే వెతుక్కోవడమూ కష్టమే. ఆ సమయానికి ప్రతిఫలం, ఆ సలహాకు రికార్డు ఉండేలా చేసిన యాప్‌లనే వైద్యులు నిలకడగా వాడతారు. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 14 అంకెల ఆభా నంబరుతో ఒక ఆసుపత్రి రికార్డు మరో ఆసుపత్రికి అందించాలని చూస్తోంది. చిన్న క్లినిక్‌లన్నీ అందులో చేరేదాకా రోగి సంచిలోని పాత చీటీలే దిక్కు.

విదేశాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇందులో తెలుసుకోవాల్సిన నియమం ఒకటుంది. అమ్మానాన్నల వీడియో కాల్‌లో పిల్లలు కూడా చేరి మాట్లాడవచ్చు. అయితే అమెరికాలో వైద్యం చేస్తున్న కొడుకైనా కూతురైనా, ఇక్కడి మెడికల్ రిజిస్టరులో పేరు లేకపోతే, 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల కింద అమ్మానాన్నలకు చీటీ రాయలేరు.