రంగం ఎంత దూరం?

విశాఖ నుంచి ఢిల్లీకి పటం మీద సూటిగా గీత గీస్తే దాదాపు 1,360 కిలోమీటర్లు. రంగూన్‌కు గీసినా ఇంచుమించు అంతే. షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం చేసినవాణ్ణి, పటం కనిపిస్తే చెయ్యి స్కేలు మీదికే పోతుంది. మా నాయనమ్మకు ఢిల్లీ ఎటుందో తెలీదు. రంగూన్ మాత్రం తెలుసు. "రంగమెల్లినాడు, ఒచ్చేత్తాడు" అనేది, విజయనగరం సంతకు పోయినవాడి గురించి చెప్పినట్టు.

ఆ దూరం సుమారు 740 నాటికల్ మైళ్ళు. గంటకు పది మైళ్ళు నడిచే స్టీమరుకు మూడు రోజుల పైమాటే. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, ఇలా రేవు రేవునా ఆగి జనాన్ని ఎక్కించుకుంటే ఇంకా ఆలస్యం.

అసలు కష్టం మొదటి మైలులోనే ఉండేది. విశాఖలో 1933 దాకా హార్బరు లేదు. స్టీమరు దూరంగా లంగరు వేసి నిలబడేది. ఒడ్డు నుంచి దాని దగ్గరికి మసూలా పడవలో పోవాలి. ఆ పడవకు మేకులుండవు, పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు. అల విసిరి ఇసుకను గుద్దితే మేకు కొట్టిన పలక ఊడిపోతుంది, కుట్టిన పలక కాస్త వంగి సర్దుకుంటుంది. బట్టల మూట తడిసి ముద్దయ్యాక, ఊగే పడవలోంచి ఊగే ఓడ నిచ్చెన పట్టుకోవాలి. ఆ తర్వాత డెక్కు మీద ఎక్కడ చోటు దొరికితే అక్కడే పడక.

ఎందుకింత తిప్పలంటే, 1852లో రంగూన్‌ను పట్టుకున్న ఇంగ్లీషువాళ్ళు ఐరావతి డెల్టా అడవుల్ని వరిపొలాలు చేయించారు. కోతలకు, బియ్యం మిల్లులకు, రేవులో బస్తాలకు మనుషులు కావాలి. మేస్త్రీ ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, ఆ బాకీ తీరేదాకా కూలీ అతని చేతిలోనే. 1931 లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులు. కాకినాడ పక్కనున్న కోరింగ రేవు పేరుతో మనవాళ్ళను 'కొరంగీ'లనేవారు, మర్యాదకైతే కాదు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళను పెట్టారు. సమ్మె తీరాక ఆ బర్మావాళ్ళను పొమ్మన్నారు, దాంతో అల్లర్లు రేగాయి. ఆ అల్లర్లలో వంద మందికి పైగా పోయారు. చిచ్చు పెట్టిన కంపెనీలకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

విశాఖ హార్బరు తెరిచిన 1933లోనే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కలకత్తా నుంచి రంగూన్‌కు, అక్కణ్ణుంచి సింగపూర్‌కు విమానాలు నడిపింది. అవి టపాకూ దొరలకూ. కూలీకి ఓడే.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక ఆ ఓడా అందరికీ దొరకలేదు. లక్షలమంది అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ మీదుగా నడిచారు. వారాల తరబడి నడక, దారి పొడవునా కలరా, మలేరియా. 1964లో బర్మాలో నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక మిగిలినవాళ్ళలోనూ వేలమంది ఓడలెక్కి వచ్చేశారు. కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు అప్పటిదే.

జెట్ విమానానికి ఈ దూరం రెండు గంటలు. మొన్న మనవడి చేత ఫోన్లో టికెట్టు వెతికించాను. కలకత్తాలో మారాలి, లేదంటే రంగూన్‌ను దాటి బ్యాంకాకు దాకా పోయి వెనక్కి రావాలి. గాల్లో ఉండేదానికంటే ఎయిర్‌పోర్టులో కూర్చునేదే ఎక్కువ. నేరుగా విమానాలు వెయ్యమని మా ఊరివాళ్ళు పెట్టే అర్జీల్లో దుబాయ్ ఉంటుంది. రంగూన్ అడిగినవాణ్ణి నేనింకా చూడలేదు.