వీధిలో కనిపించే హక్కు: 1919 నాటి నిజాం చట్టం – తెలంగాణ ట్రాన్స్‌జెండర్ ఉద్యమంలో ప్రాంతీయ సహకారం

ఉపోద్ఘాతం:

కాకతీయుల రాజధానిగా చరిత్రకెక్కిన ఖిలా వరంగల్ నేడు వరంగల్ తూర్పు శాసనసభ నియోజకవర్గంలో భాగం. 2023 నవంబరు 30న జరిగిన ఎన్నికలలో ఈ స్థానం నుండి చిత్రపు పుష్పిత లయ అనే ట్రాన్స్‌జెండర్ మహిళ బహుజన్ సమాజ్ పార్టీ అభ్యర్థిగా పోటీ చేశారు. అంతకు ఐదు నెలల ముందు వరకు, రిజిస్టరులో పేరున్న హిజ్రా స్త్రీ వేషంలో వీధిలో కనిపించడాన్నే నేరంగా పరిగణించే చట్టం తెలంగాణలో రద్దు కాకుండా మిగిలి ఉంది. ఆ చట్టం పుట్టుకను, దాని రద్దుకు దారితీసిన ప్రాంతీయ సహకారాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

అనుమానమే ఆధారమైన చట్టం:

1871లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన నేరస్థ జాతుల చట్టం రెండవ భాగం హిజ్రాల పేర్లను నమోదు చేయాలని నిర్దేశించింది. అదే పద్ధతిలో నిజాం ప్రభుత్వం 1329 ఫసలీలో, అనగా 1919లో, నపుంసకుల చట్టాన్ని తెచ్చింది. బాలురను అపహరిస్తారన్న అనుమానం ఉన్నవారి పేర్లు, నివాసాలు రిజిస్టరులోకి ఎక్కేవి. అట్టివారు స్త్రీ వేషంలో బహిరంగంగా కనిపించినా, వీధిలో ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు. రాజ్యం పోయినా, రాష్ట్రాలు మారినా ఈ చట్టం పేరు మార్చుకుంటూ కొనసాగింది.

చట్టం కంటే ఆ అనుమానం మరింత బలమైనది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వాట్సాప్ వదంతుల నడుమ హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని గుంపు కొట్టి చంపింది. 1919 నాటి చట్టం అక్షరాలలో పెట్టిన అపవాదే శతాబ్దం తర్వాత ప్రాణం తీసింది.

ఎల్లలు దాటిన అనుబంధాలు:

హిజ్రాల గురు-చేలా బంధుత్వానికి రాష్ట్ర సరిహద్దులు అడ్డు కావు. హైదరాబాదులోని లష్కర్‌వాలా, షహర్‌వాలా ఇళ్ల వ్యవస్థను మానవశాస్త్రవేత్త గాయత్రీ రెడ్డి 2005లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. తర్వాతి తరం కార్యకర్తలు ఈ అనుబంధాలకు హక్కుల భాషను జోడించారు. రచన ముద్రబోయిన తదితరులు నడిపిన ‘ట్రాన్స్‌విజన్’ యూట్యూబ్ చానల్ తెలుగు, ఉర్దూ, కన్నడ భాషలలో మాట్లాడింది. ఈ మూడూ ఒకనాటి నిజాం రాజ్యంలోని భాషలే కావడం గమనార్హం.

ఒక రాష్ట్రంలో సాధించినది మరొక రాష్ట్రానికి ఆయుధమైంది. కర్ణాటక పోలీసు చట్టంలో 2011లో చేర్చిన 36-ఎ సెక్షన్ నిజాం చట్టాన్ని తలపించేది. అక్కడి సంఘాలు న్యాయస్థానానికి వెళ్లిన తర్వాత ప్రభుత్వం దానిని సవరించింది. ‘సంగమ’ సంస్థ వేసిన వ్యాజ్యం ఫలితంగా 2021లో కర్ణాటక ప్రభుత్వోద్యోగాలలో ట్రాన్స్‌జెండర్లకు ఒక శాతం రిజర్వేషన్ కల్పించింది. వీటన్నిటికీ పునాది 2014 ఏప్రిల్ 15 నాటి నల్సా తీర్పు. జాతీయ న్యాయ సేవల సంస్థ వేసిన ఆ వ్యాజ్యంలో మహారాష్ట్రకు చెందిన లక్ష్మీ నారాయణ్ త్రిపాఠీ కూడా తమ వాదన వినిపించారు.

రద్దు తీర్పు:

వైజయంతి వసంత మొగిలి తదితరులు 2018లో ఉమ్మడి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం ఈ చట్టం రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని కొట్టివేసింది. విద్య, ఉద్యోగాలలో రిజర్వేషన్లు కల్పించాలని, ఆసరా పింఛను ఇవ్వాలని కూడా ఆదేశించింది.

ముగింపు:

చట్టం నిషేధించింది వీధిని. ఖిలా వరంగల్ ఉన్న నియోజకవర్గంలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ఓటు అడిగినదీ వీధిలోనే. గెలవకపోయినా ఆ పోటీకి చారిత్రక ప్రాధాన్యం ఉంది. 2024 డిసెంబరులో హైదరాబాదు పోలీసు శాఖ 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ సహాయకులుగా తీసుకుంది. ఒకనాడు అరెస్టు చేసే అధికారం ఉన్న శాఖే నేడు ఉపాధి చూపింది. అయితే ఒక శాఖలో కొన్ని కొలువులు దొరకడం రిజర్వేషన్ హక్కుకు ప్రత్యామ్నాయం కాదు. పొరుగు రాష్ట్రాల అనుభవాన్ని తమదిగా చేసుకోవడం వల్లనే తెలంగాణ ఉద్యమం చట్టాన్ని తొలగించగలిగింది. తీర్పులోని మిగిలిన ఆదేశాల అమలుకూ ఆ సహకారమే మార్గం.