కంపు కొట్టిన పార్లమెంటు: మురుగునీటి శుద్ధి వెనకున్న అసలు కథ

ఈ ఎపిసోడ్ టాపిక్ వినగానే కొంతమంది ముక్కు మూసుకుంటారు, తెలుసు. తినేటప్పుడు ఫోన్ చూసే అలవాటుంటే ముందు తినేసి రండి. ఎందుకంటే ఇవాళ మనం మాట్లాడేది డ్రైనేజీ గురించి. మనం ఫ్లష్ నొక్కాక ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఆ కంపుని ఆపడం మనుషులు ఎలా నేర్చుకున్నారు? ఆ నేర్చుకోవడానికి ఎవరు ఎంత మూల్యం చెల్లించారు? ఇదీ కథ.

లండన్‌కి వెళ్దాం. 1858, జూన్ నెల. నీడలోనే 34 నుంచి 36 డిగ్రీల ఎండ. మన రామగుండంలో, రెంటచింతలలో ఉండేవాళ్ళకి ఇది నవ్వులాట కావచ్చు కానీ లండన్‌కి అది ఎక్కువే. థేమ్స్ నదిలో నీళ్ళు తగ్గాయి. అప్పటికి లక్షల మంది మలమూత్రాలు, కబేళాల రక్తం, ఫ్యాక్టరీల వ్యర్థాలు అన్నీ ఆ నదిలోకే. ఎండకి అదంతా ఉడికిపోయింది. చరిత్రలో దీన్ని 'గ్రేట్ స్టింక్' అంటారు. మన భాషలో చెప్పాలంటే మహా కంపు.

పార్లమెంటు భవనం సరిగ్గా ఆ నది ఒడ్డునే ఉంది. లోపల కూర్చోలేక కిటికీల కర్టెన్లని క్లోరైడ్ ఆఫ్ లైమ్ కలిపిన నీళ్ళలో ముంచి వేలాడదీశారు. క్లోరైడ్ ఆఫ్ లైమ్ అంటే ఏదో పెద్ద కెమికల్ అనుకోకండి, వానాకాలంలో పంచాయతీ వాళ్ళు మోరీల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడరే. అయినా కంపు ఆగలేదు. ఆర్థిక మంత్రి డిజ్రేలీ ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో ముక్కుకి రుమాలు పెట్టుకుని గదిలోంచి బయటికి పరిగెత్తాడని అప్పటి పేపర్లు రాశాయి. పార్లమెంటుని వేరే ఊరికి మార్చేద్దామనే మాట కూడా వచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్. ఈ సమస్య ఆ ఏడాది కొత్తగా పుట్టిందా? కానే కాదు. 1848-49లో వచ్చిన కలరాకి లండన్‌లో దాదాపు 14,000 మంది చనిపోయారు. 1853-54లో ఇంకో 10,000 మంది. 1855లో సైంటిస్ట్ మైకేల్ ఫారడే పడవలో వెళ్తూ తెల్ల అట్టముక్కల్ని తడిపి నదిలో వేశాడు. అంగుళం లోతుకి కూడా పోకముందే అవి కనబడకుండా పోయాయి, నీళ్ళు అంత మురికిగా ఉన్నాయి. వెంటనే పేపర్‌కి ఉత్తరం రాశాడు. ఎవరూ కదల్లేదు. కానీ 1858లో కంపు మంత్రుల ముక్కుకే తగిలింది. అంతే, బిల్లు పెట్టిన 18 రోజుల్లో చట్టం వచ్చేసింది! పేదల వాడల్లో వేలమంది పోయినా కదలని ఫైలు, పెద్దల ముక్కు అదిరేసరికి పరిగెత్తింది.

ఇందులో ఒక తమాషా ఉంది. కంపు పెరగడానికి ఒక కారణం... ఫ్లష్ టాయిలెట్! అంతకుముందు లండన్ ఇళ్ళ కింద గుంతలు ఉండేవి. రాత్రిపూట మనుషులొచ్చి ఎత్తిపోసేవాళ్ళు. ఫ్లష్ వచ్చాక నీళ్ళతో అవి పొంగడం మొదలైంది. అప్పటి అధికారుల నమ్మకం ఏంటంటే, రోగాన్ని తెచ్చేది చెడు గాలి, అంటే కంపే రోగం. దాంతో గుంతలు మూసేసి అన్నిటినీ నదిలోకి కలపమన్నారు. ఇంట్లో కంపు తగ్గింది. కానీ చాలామంది తాగే నీళ్ళు కూడా ఆ నదివే! కలరా గాలి వల్ల కాదు, నీళ్ళ వల్ల వస్తోందని డాక్టర్ జాన్ స్నో 1854లో బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గర లెక్కలు తీసి చూపించాడు. పెద్దలు పెద్దగా నమ్మలేదు. ఆయన సరిగ్గా ఆ మహా కంపు రోజుల్లోనే, 1858 జూన్ 16న చనిపోయాడు.

తర్వాత రంగంలోకి దిగింది ఇంజనీరు జోసెఫ్ బజల్జెట్. నదికి సమాంతరంగా 132 కిలోమీటర్ల పెద్ద ఇటుక సొరంగాలు కట్టాడు. మురుగు నదిలో పడకముందే పట్టుకుని, ఊరికి తూర్పున చాలా దూరం తీసుకెళ్ళి, ఆటుపోట్లలో నీళ్ళు సముద్రం వైపు వెళ్ళే టైమ్‌కి వదలడం ఆయన ప్లాన్. క్రాస్‌నెస్ పంపింగ్ స్టేషన్ 1865లో మొదలైంది. 1866లో మళ్ళీ కలరా వచ్చింది. ఈసారి ఎక్కువ చావులు ఎక్కడో తెలుసా? ఈస్ట్ ఎండ్‌లో, 5,000 మందికి పైగా. కొత్త సొరంగాలు ఇంకా కలవని ఏరియా అదే. జాన్ స్నో లెక్క కరెక్టని ఆ మ్యాపే చెప్పింది. గాలిని బాగుచేద్దామని కట్టిన డ్రైనేజీ నీళ్ళని బాగుచేసి ప్రాణాలు కాపాడింది. తప్పు సిద్ధాంతం, మంచి ఫలితం!

కానీ ఫ్రెండ్స్, గమనించారా? ఇక్కడ శుద్ధి లేదు. కంపు ఎక్కడికీ పోలేదు, అడ్రస్ మారిందంతే. 1878 సెప్టెంబర్ 3న ప్రిన్సెస్ ఆలిస్ అనే పడవ, మురుగు వదిలే చోటికి దగ్గర్లోనే ఇంకో ఓడ ఢీకొని మునిగింది. 600 మందికి పైగా చనిపోయారు. దానికి కాసేపటి ముందే అక్కడ మురుగు వదిలారు. ఈత వచ్చినవాళ్ళకి కూడా ఆ నీళ్ళలో పడటం ఎంత ఘోరమో ఊహించుకోండి. ఆ తర్వాత విచారణ కమిషన్ వేశారు. మురుగులో సున్నం, ఇనుప లవణాలు కలిపి మడ్డిని కిందికి దించడం మొదలుపెట్టారు. మరి ఆ మడ్డిని ఏం చేశారు? ఓడల్లో ఎత్తుకెళ్ళి సముద్రంలో పారబోశారు. 1887లో మొదలైన ఆ పని 1998 దాకా నడిచింది. మళ్ళీ అడ్రస్ మార్పే.

శుద్ధిలో అసలు పెద్ద మలుపు మాంచెస్టర్‌లో వచ్చింది. అక్కడ డేవీహుల్మ్ మురుగు ప్లాంటులో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరు కెమిస్టులు ఉండేవాళ్ళు. వాళ్ళకి ఐడియా ఇచ్చింది గిల్బర్ట్ ఫౌలర్. మురుగునీళ్ళని సీసాలో పోసి గాలి ఊదుతూ ఉన్నారు. అది పూర్తిగా తేరుకోవడానికి దాదాపు 5 వారాలు పట్టింది. ఇంత టైమ్ పడితే ఊరికి ఏం పనికొస్తుంది? అప్పుడు వాళ్ళు చేసిన పని మన ఇళ్ళల్లో అమ్మ రోజూ చేసేదే. తోడు పెట్టడం! పాలు తోడుకోవాలంటే నిన్నటి పెరుగు కొంచెం ఉంచి కలుపుతాం కదా. వీళ్ళు కూడా అడుగున పేరుకున్న మడ్డిని పారబోయకుండా ఉంచి, దానిమీద కొత్త మురుగు పోసి మళ్ళీ గాలి ఊదారు. ప్రతిసారీ టైమ్ తగ్గుతూ వచ్చింది. వారాల నుంచి గంటల్లోకి దిగింది. ఎందుకంటే ఆ మడ్డి నిండా ఆకలితో ఉన్న బ్యాక్టీరియా. 1914 ఏప్రిల్‌లో ఈ పద్ధతిని ప్రకటించి 'యాక్టివేటెడ్ స్లడ్జ్' అని పేరు పెట్టారు. ఇవాళ్టికీ ప్రపంచంలో చాలా ప్లాంట్లు ఈ తోడు సూత్రం మీదే నడుస్తున్నాయి. ఆ ఫౌలర్ 1916లో బెంగళూరు ఐఐఎస్సీకి ప్రొఫెసర్‌గా వచ్చాడు!

గాలి ఊదితే కంపు ఎందుకు పోతుంది? ఆక్సిజన్ లేనిచోట కొన్ని రకాల బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాస్ వదులుతాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే. ఆక్సిజన్ అందితే వేరే బ్యాక్టీరియాది పైచేయి అవుతుంది, ఆ గ్యాస్ పుట్టదు. అయినా మిగిలే కంపు కోసం ఇప్పుడు ట్యాంకుల మీద మూతలు పెట్టి, గాలిని ఫ్యాన్లతో లాగి, స్క్రబ్బర్లలో రసాయనాలతో కడుగుతారు. లేదా చెక్కముక్కలు, కంపోస్టు ఉన్న బయోఫిల్టర్ గుండా పంపిస్తారు. అక్కడి బ్యాక్టీరియా కంపుని తినేస్తాయి.

మీ ఇంట్లో కూడా ఒక టెక్నాలజీ ఉంది. వాష్‌బేసిన్ కింద వంగిన పైపు చూశారా? 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల మేస్త్రీ టాయిలెట్ కోసం అలాంటి వంపుకి పేటెంట్ తీసుకున్నాడు. ఆ వంపులో నిలిచే నీళ్ళే కింది గ్యాస్‌ని పైకి రాకుండా ఆపుతాయి. నెలరోజులు ఊరెళ్ళి వస్తే బాత్రూమ్ కంపు కొట్టేది ఆ నీళ్ళు ఆరిపోవడం వల్లే. ఒక మగ్గు నీళ్ళు పోయండి, చాలు.

ఇక సీరియస్ మాట. గాలిలో కోటి వంతుల్లో ఒక్క వంతు ఉన్నా హైడ్రోజన్ సల్ఫైడ్‌ని మన ముక్కు పట్టేస్తుంది. కానీ పది లక్షల వంతుల్లో వంద దాటితే ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన పోయింది, ఇక ప్రమాదం లేదనుకుంటాడు మనిషి. నిజానికి అప్పుడే ప్రాణం పోయే స్టేజీ. మ్యాన్‌హోల్‌లో ఒకరు పడిపోతే, కాపాడటానికి దిగిన రెండోవాడు కూడా చనిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. మనుషుల్ని రక్షణ లేకుండా అలా దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పాకీపని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దీనిమీద దశాబ్దాలుగా పోరాడుతున్నారు. 2016లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది.

మన హైదరాబాద్ కథ కూడా ఇలాంటిదే. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వేలమందిని మింగాక నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. వరద నివారణతో పాటు డ్రైనేజీ ప్లాన్ కూడా ఆయన ఇచ్చారు. ఇవాళ అంబర్‌పేట ప్లాంటు ఒక్కటే రోజుకి 33.9 కోట్ల లీటర్ల మురుగుని శుద్ధి చేసేంత పెద్దది. అయినా మూసీ పక్కన బస్సు వెళ్తుంటే మనం కిటికీ మూసేస్తాం. నది దిగువన ఉమ్మడి నల్గొండ జిల్లా పల్లెల్లో ఆ నీళ్ళతోనే వరి పండిస్తున్నారు. వాళ్ళు మూసుకోవడానికి కిటికీ లేదు.

నాకు ఈ చరిత్రలో అర్థమైంది ఒక్కటే. బ్యాక్టీరియా పని 1914 నుంచే మనకి తెలుసు. పైపులు ఎలా వేయాలో అంతకుముందే తెలుసు. ఎప్పుడూ తేలకుండా మిగిలేది ఎవరి ముక్కుకి తగిలితే పని మొదలవుతుంది అన్నదే. లండన్‌లో 18 రోజుల్లో చట్టం రావడానికి కారణం నది పార్లమెంటు పక్కన ఉండటం. దిగువన ఉన్నవాళ్ళ పక్కన పార్లమెంటు ఉండదు కదా!

కాబట్టి ఒక పని చేయండి. మీ ఏరియా మురుగు ఏ ప్లాంటుకి వెళ్తుందో, అసలు వెళ్తుందో లేదో కనుక్కుని కామెంట్స్‌లో పెట్టండి. మీ వీధిలో మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించుతుంటే వీడియో తీసి వదిలేయకండి. ముందు ఆపండి, మెషిన్ పిలిపించమని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.