స్టీరింగు మీదికి చేరిన గేరు



మీలో చాలామంది పికప్పు బండిలో ప్రయాణం చేసే ఉంటారు. కోలారు టమాటాలైనా, హోసూరు గులాబీలైనా తెల్లవారక ముందే మార్కెట్టుకు చేరేది ఆ బండి మీదే. పక్కన కూర్చున్నప్పుడు డ్రైవరు ఎడమచేతిని ఎప్పుడైనా గమనించారా? అది ఓసారి స్టీరింగు మీద, ఓసారి గేరు కర్ర మీద ఉంటుంది. ఒక చేయి దారికి, ఒక చేయి గేరుకు. ఆ రెండో చేతిని కూడా దారికే అప్పగించాలని నూరేళ్ళకు పైగా సాగిన ప్రయత్నం గురించి ఈ పూట చెప్పుకుందాం.

ముందుగా 1908కి వెళదాం. అమెరికాలో ఫోర్డు కంపెనీ మోడల్-టి కారును తెచ్చిన సంవత్సరమది. 1925లో అదే కారుకు వెనుక తొట్టి బిగించి, ఫ్యాక్టరీ నుంచే పికప్పుగా 281 డాలర్లకు అమ్మారు. దానిలో కాలికింద యాక్సిలరేటరు లేదు. స్టీరింగు కింద కుడివైపు ఒక మీట వేగానికి. ఎడమవైపు ఇంకొక మీట ఇంజనులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయించడానికి. గేర్లు మార్చేది కాలితో. నిప్పురవ్వ మీటను సరిగా పెట్టకుండా ముందు హ్యాండిలు తిప్పితే ఇంజను ఎదురు తన్ని మణికట్టు విరిచేది. కాబట్టి స్టీరింగు దగ్గర మీటలుండటం నేటి సోకు కాదు. దాదాపు బండితో పాటే పుట్టింది.

1930ల చివరికి అమెరికా కార్లలో గేరు కర్ర నేలను వదిలి స్టీరింగు కాండానికి చేరింది. దానితో ముందు సీటులో ముగ్గురు కూర్చునే చోటు దొరికింది. మన అంబాసిడర్, పద్మిని కార్లలో చాలాకాలం ఉన్నది ఈ ఏర్పాటే. పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడు ముందు సీటులో మనం ఎంతమందిమి సర్దుకున్నామో మీకు నేను చెప్పనక్కరలేదు!

తర్వాత ఒక పొరపాటు జరిగింది. 1958 మోడలు ఎడ్సెల్ కారులో గేరు బొత్తాలను ఏకంగా స్టీరింగు నడిబొడ్డున పెట్టారు. అక్కడ హారను ఉండటం జనానికి అలవాటు. కంగారులో హారను అనుకొని గేరు నొక్కినవారున్నారని చెబుతారు. ఏడాది తిరగకుండానే ఆ ఏర్పాటు మానేశారు. చేతికి అందుబాటులో ఉంటే చాలదు, చేతి అలవాటును కూడా చూడాలన్నది దాని పాఠం.

అదే 1958లో క్రైస్లర్ కార్లకు క్రూయిజ్ కంట్రోల్ వచ్చింది. కాలు తీసినా బండి ఒకే వేగంతో సాగే ఏర్పాటది. దాన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అయిదేళ్ళ వయసులోనే ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నారు. ఆయన ఇంజనీరు. 1950లో పేటెంటు పొందారు. బండి నడపలేని మనిషి, పక్కన కూర్చుని కుదుపులను ఒంటితో గ్రహించి, నడిపేవారికి దారి చూపారు. నేడు ఆ బొత్తాలు స్టీరింగు మీదే ఉంటున్నాయి.

చక్రం తిరుగుతూ ఉంటే తీగలు తెగవా అని మీకు అనుమానం రావచ్చు. చక్రం లోపల రిబ్బనులా చుట్టిన తీగ ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని క్లాక్ స్ప్రింగు అంటారు. హారను మోగక, ఎయిర్‌బ్యాగు దీపం కూడా వెలుగుతుంటే అది తెగిందేమోనని చూడాలి. తెలియనివారిచేత మాత్రం విప్పించకండి. ఎయిర్‌బ్యాగు ఉండేదీ అక్కడే.

ఇక ప్యాడిల్ సంగతి. స్టీరింగు వెనుక రెండు పక్కలా రెండు రెక్కలు. కుడిది లాగితే పై గేరు, ఎడమది లాగితే కింది గేరు. 1989లో జాన్ బర్నార్డ్ రూపొందించిన ఫెరారీ పందెపు కారు దీనితో బరిలోకి దిగింది. బ్రెజిల్‌లో జరిగిన తొలి పోటీలోనే నైజెల్ మాన్సెల్ గెలిచారు. తర్వాతి పోటీలలో ఆ బండి చాలాసార్లు మధ్యలోనే ఆగిపోయింది. అయినా పద్ధతి నిలిచింది. 1997లో ఫెరారీ దాన్ని రోడ్డు కారులో పెట్టింది. 2017 మోడలు ఫోర్డు ఎఫ్-150 రాప్టర్‌తో పది గేర్ల పికప్పుకూ ఆ రెక్కలు వచ్చాయి.

మన పొరుగునే, తిరుపతి జిల్లా శ్రీసిటీలో, ఇసుజు కంపెనీ 2016 నుంచి పికప్పులు తయారుచేస్తోంది. వాటిలో ఖరీదైన రకాలకు స్టీరింగు మీదే పాటల బొత్తాలు, క్రూయిజ్ బొత్తాలు ఉన్నాయి.

పందెపు కారు హంగు బరువు బండికెందుకని అడుగుతారేమో. ధర్మపురి దగ్గర తొప్పూరు కనుమ దిగినవారికి జవాబు తెలుసు. ఆటోమేటిక్ బండి పల్లంలో కాలు తీయగానే పై గేరుకు పోవాలని చూస్తుంది. అప్పుడు బరువంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కితే పట్టు వదులుతాయి. ఎడమ రెక్క లాగితే గేరు తగ్గి, ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. చేతులు మాత్రం చక్రం మీదే ఉంటాయి.

రెక్కలు లేని బండి నడిపే సోదరులకూ సూత్రం ఇదే. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలకండి. ఆ మిగిలే చుక్కల కోసం ఇంటి దగ్గర ఎదురుచూసేవారిని పణంగా పెట్టకండి.