పద్నాలుగేళ్ళ వేలిముద్ర

పోయిన నెల మా అమ్మాయికి పద్నాలుగు నిండాయి. కేకు కోసిన మర్నాడే నేను ఐ-90 ఫారం నింపడానికి కూర్చున్నాను. పక్కన నిలబడి చూస్తున్న పిల్ల అడిగింది.

"నా గ్రీన్ కార్డు ఇంకా ఎక్స్‌పైర్ అవ్వలేదు కదా నాన్నా, మళ్ళీ ఎందుకు?"

"పద్నాలుగు నిండిన ముప్పై రోజుల్లోగా మళ్ళీ రిజిస్టర్ చేసుకోవాలమ్మా. వేలిముద్రలు ఇవ్వాలి."

"నేనేం చేశానని?"

రూల్ అంతే అని తప్పించుకున్నాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలీ పద్నాలుగు ఎక్కడిది? పాత కోడులో ఎవరో రాసి వదిలేసిన అంకె కనబడితే, ఎప్పుడు పెట్టారో ఎందుకు పెట్టారో తవ్వడం మాకు అలవాటే. తవ్వుకుంటూ పోతే 1940లో తేలాను.

అప్పుడు ఐరోపాలో యుద్ధం నడుస్తోంది. శత్రువుల మనుషులు మన మధ్యే ఉన్నారేమోనన్న భయం అమెరికాని పట్టుకుంది. అప్పటిదాకా కార్మిక శాఖ కింద ఉన్న ఇమిగ్రేషన్ వాళ్ళని ఆ జూన్‌లోనే న్యాయ శాఖకి మార్చారు. అంటే పనివాళ్ళ లెక్క కాస్తా పోలీసు లెక్క అయిందన్నమాట. అదే నెల 28న రూజ్వెల్ట్ ఏలియన్ రిజిస్ట్రేషన్ చట్టం మీద సంతకం పెట్టాడు. పౌరసత్వం లేనివాళ్ళలో పద్నాలుగేళ్ళు, ఆపైన ఉన్న ప్రతి ఒక్కరూ పోస్టాఫీసుకెళ్ళి వివరాలు రాయించుకుని వేలిముద్రలు వేయాలి. అంతకంటే చిన్నపిల్లల్ని తల్లిదండ్రులు నమోదు చేయించాలి. పద్నాలుగు నిండాక ముప్పై రోజుల్లో ఆ పిల్లలే స్వయంగా రావాలి.

చూశారా? నేను నింపుతున్న ఫారం వెనకున్నది ఆ వాక్యమే!

సుమారు 50 లక్షల మంది అలా నమోదయ్యారు. వాళ్ళకి ఏఆర్-3 అనే రసీదు ఇచ్చారు. అది హక్కేమీ కాదు, లెక్కలో ఉన్నావనడానికి గుర్తు, అంతే. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అప్పటికే ఈ దేశంలో పరిశోధనలు చేస్తున్నారు. భారతీయులు పౌరసత్వానికి పనికిరారని 1923లో థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది కాబట్టి ఈ చట్టం ఆయనకీ వర్తించేదే. 1946లో లూస్-సెల్లర్ చట్టం ఆ తలుపు తీసింది, అదీ భారతీయులకి ఏడాదికి 100 మంది కోటాతో. 1948లో ఆయన పౌరుడు కాకుండానే పోయారు.

యుద్ధం అయిపోయాక కథ మారింది. శాశ్వత నివాసం వచ్చినవాళ్ళకి ఐ-151 అనే ఆకుపచ్చ కార్డు ఇవ్వడం మొదలెట్టారు. 1950 నాటి అంతర్గత భద్రతా చట్టం తర్వాత పాత ఏఆర్-3 చెల్లకుండా పోయింది. చట్టబద్ధంగా ఉంటున్నామని చూపించగలిగిన వాళ్ళకే దాని బదులు ఆకుపచ్చ కార్డు. అప్పటినుంచే దానికి విలువొచ్చింది. 1964లో రంగు నీలానికి మారినా జనం నోట్లో గ్రీన్ కార్డుగానే ఉండిపోయింది. 1989లో పదేళ్ళ గడువు పెట్టారు. 2010లో మళ్ళీ ఆకుపచ్చ వచ్చింది. ఆ గడువు కార్డుకే గానీ మన హోదాకి కాదు. కార్డు తేదీ దాటినంత మాత్రాన శాశ్వత నివాసం పోదు.

మరి అనుమానం పోయిందా? పోలేదు. పద్దెనిమిది దాటినవాళ్ళు ఆ కార్డు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలన్న నియమం ఇంకా ఉంది. ఏళ్ళ తరబడి మూలనపడ్డ ఆ రిజిస్ట్రేషన్‌ని, ఎక్కడా నమోదుకాని వాళ్ళ కోసం, 2025 ఏప్రిల్‌లో కొత్త ఫారంతో మళ్ళీ బయటికి తీశారు. అక్కడా వయసు పద్నాలుగే.

మనవాళ్ళం ఈ కార్డు కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూస్తాం, వస్తే స్వీట్లు పంచుతాం. నేనూ పంచాను. అది బహుమతి అనుకున్నాను గానీ, దాని మొదటి పేజీలో ఏం రాసుందో చూడలేదు.

మొన్న వేలిముద్రలకి వెళ్తూ కార్లో పిల్లకి ఇదంతా చెప్పాను. "నువ్వేం చేయలేదమ్మా. ఎనభై ఏళ్ళ కిందట వాళ్ళు భయపడ్డారు" అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే ఎప్పుడు ఆపుతారు?" అంది.

నేను సిటిజన్‌షిప్ తీసుకుంటే, పద్దెనిమిది లోపు ఉన్న తనకీ దాంతోపాటే వచ్చేస్తుంది. ఇండియా పాస్‌పోర్టు వదులుకోవాలంటే మనసొప్పక రెండేళ్ళుగా ఆ ఫారం పక్కన పెట్టేశాను. నాకింక నాలుగేళ్ళే టైముంది. మీలో ఎవరైనా ఈ గుంజాటన పడ్డారా? ఎలా తేల్చుకున్నారు?